మా మీదింటి క్లారినెట్టు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోరం. గుండె జబ్బులున్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు, ఇందులో ప్రాణనష్టం లేదు. పరువు నష్టం మాత్రం పుష్కలంగా ఉంది, అదీ నా ఒక్కడిదే. నన్నెవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ రెచ్చగొట్టలేదు. మొత్తం పనంతా నేనే, నా సొంత తెలివితో, ముత్యాల్లాంటి దస్తూరీతో చేశాను. అందువల్ల ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఇంకో మనిషి దొరకడం లేదు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు నలభై అయిదు. మతి కుదురుకోవాల్సిన వయసే. బొల్లారంలో ఒక బడిలో సైన్సు మాస్టారిని. సైనిక్‌పురి దాటాక నాలుగంతస్తుల చిన్న అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు మాది. ఇంట్లో నేను, నా భార్య గ్రేస్, నా క్లారినెట్టు. ఈ ముగ్గురిలో ఇద్దరికి పొత్తు కుదరదు. ఎవరెవరికో మీకే తెలుస్తుంది.

క్లారినెట్టు నాకు పదమూడో ఏట పట్టుకుంది. పట్టుకుంది అనే అనాలి, జ్వరం పట్టుకున్నట్టు. మా నాన్న రైల్వేలో గుమాస్తా. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని రెజిమెంటల్ బజార్‌లో ఏదో పని మీద వెళ్తుంటే, పెళ్ళి బ్యాండువాళ్ళ సామాన్లు అమ్మే కొట్టు ముందు నేను ఆగిపోయాను. ఎర్ర కోట్ల మధ్య, ఇత్తడి బూరాల మధ్య, నల్లగా, సన్నగా, వెండి మీటలతో అది వేలాడుతోంది. ఆ రోజు నేను చేసిన పేచీకి నాన్న దిగివచ్చాడు. ఆ తరువాత సైన్యంలో బ్యాండు వాయించి రిటైరైన శామ్యూల్ మాస్టారి దగ్గర నాలుగేళ్ళు నేర్చుకున్నాను. నాలుగేళ్ళయ్యాక ఆయన నా భుజం తట్టి, "బాబూ, నీలో పట్టుదల ఉంది" అన్నారు. ఇంకేమైనా ఉందంటారేమోనని కాసేపు నిలబడ్డాను. అనలేదు.

అది చేతికొచ్చిన రోజు నుంచి ముప్ఫై రెండేళ్ళు, రోజూ సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా నేను క్లారినెట్టు ఊదుతూనే ఉన్నాను. నా వాద్యంలో ఒకే ఒక్క లోపం. రాగం హాయిగా పోతూ పోతూ ఉండగా, ఉన్నట్టుండి ఒక కీచు పుడుతుంది. తలుపు సందులో పిల్లి తోక పడితే వచ్చే చప్పుడు. ఎప్పుడు వస్తుందో నాకూ తెలియదు, క్లారినెట్టుకూ తెలియదు. చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు నేను వాయిస్తుంటే ముందు వరసలో పిల్లలు దానికోసమే ఎదురుచూసేవాళ్ళు. రాగానే ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు.

గ్రేస్ సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె నా వాద్యం గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. ఒక్క మంచి మాటా అనలేదు. నేను పెట్టె తెరవగానే ఆమె లేచి, చాలా మర్యాదగా, వంటింటి తలుపు మూసుకునేది. అంతే. "ఎలా ఉంది?" అని అడిగితే, "కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క తప్పిందండీ మీ వల్ల" అనేది. నేను దాన్ని మెప్పుగానే రాసుకునేవాణ్ణి. ఏదీ దొరకనప్పుడు మనిషి దేన్నైనా తింటాడు.

ఇలా బతుకు సజావుగా వెళ్తుండగా, మా నెత్తిమీద మూడో అంతస్తులోకి అప్పలనాయుడు గారు దిగారు. విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి, బ్యాంకులో పని, నా వయసే ఉంటుంది, మరో నాలుగేళ్ళు ఎక్కువేమో. గుండ్రటి మొహం, ఎప్పుడూ చిన్న నవ్వు. భార్య, పురుటికి వచ్చిన కూతురు స్రవంతి, ఆ కూతురికి మూడు నెలల పాప. సామాన్లు దింపే రోజున నేను మెట్ల మీద నిలబడి చూశాను. మంచాలు, బీరువా, కుర్చీలు అన్నీ కూలీలు మోశారు. ఒక నల్లటి పొడుగాటి పెట్టె మాత్రం నాయుడు గారు ఎవరికీ ఇవ్వలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని తానే తీసుకెళ్ళారు.

ఆ పెట్టె ఆకారం, పిడి, ఆ పట్టుకునే తీరు... చూడగానే పోల్చేశాను. వాద్యాలవాళ్ళకు తెలుస్తుంది ఇది. కొత్త కోడలు వచ్చినప్పుడు పాత కోడలికి తెలిసినట్టు.

వారం తిరగలేదు. ఒకరోజు ఆరున్నరకు నేను వాయించడం ఆపి, పెట్టె సర్దేసి, టీ తాగుతున్నాను. సరిగ్గా ఏడు గంటలకు మీద నుంచి వినబడింది.

క్లారినెట్టు!

నేను ఆ సాయంత్రం వాయించిన కీర్తన రాగమే. అదే మెలిక, అదే మలుపు. కానీ కీచు లేదు! మొదటి నుంచి చివరి దాకా నూనె పోసినట్టు జారిపోయింది. కీచు రావాల్సిన చోటికి రాగం చేరుతుంటే నేను ఊపిరి బిగబట్టాను. రాలేదు. ఆ చోటు దాటుకుని, ఏమీ ఎరగనట్టు, మెత్తగా వెళ్ళిపోయింది.

వంటింట్లోంచి గ్రేస్ వచ్చింది. వచ్చి, హాల్లో కిటికీ తెరిచింది. తెరిచింది, చిత్తగించండి! అక్కడే నిలబడి, గరిట చేతిలోనే ఉండగా, కళ్ళు మూసుకుంది.

"ఎవరండీ అది?" అంది. "ఎంత బాగా వాయిస్తున్నారో!"

ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన వాక్యం అది. అక్షరం పొల్లుపోకుండా, అచ్చంగా నేను ఊహించుకున్న గొంతుతో అంది. నాకు కాదు, పైవాడికి!

"ఆ, ఏదోలే. శ్వాస నిలకడ లేదు" అన్నాను.

"హాయిగా ఉంది కదండీ."

"హాయిగా ఉండటం వేరు, శాస్త్రం వేరు."

"అయితే నాకు శాస్త్రం అక్కర్లేదు" అని ఆమె కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంది. పొయ్యి మీద పప్పు మాడింది. నా పెళ్ళాం పప్పు మాడబెట్టడం అదే మొదటిసారి. మాడింది పప్పు ఒక్కటే అని మీరనుకుంటే పొరపాటు.

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి పోయింది. సికింద్రాబాద్ మొత్తంలో పెళ్ళి బ్యాండుల్లో కాకుండా ఇంట్లో సరదాకి క్లారినెట్టు ఊదేవాళ్ళు ఎంతమంది ఉంటారు? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమందిలో ఒకడు వచ్చి, సరిగ్గా నా నడినెత్తిన కాపురం పెట్టాడు. పైగా రోజూ నేను వాయించిందే, నేను ఆపిన అరగంటకు, నాకంటే బాగా వాయించి చూపిస్తాడు! మీకైతే ఎలా ఉంటుంది?

నేను కసి పట్టాను. ఊపిరి పెంచుకోవడానికి బుడగలు కొని తెచ్చి, బడికి వెళ్ళే ముందు పది, వచ్చాక పది ఊదాను. ఇల్లంతా పుట్టినరోజు పండుగలా తయారైంది. క్లారినెట్టు మూతిదగ్గర పలచటి వెదురు బద్ద ఒకటి ఉంటుంది, దాన్ని రీడు అంటారు, అదే ఊగి స్వరం పుట్టిస్తుంది. లోపం దానిదేనేమోనని ఉన్నవన్నీ పారేసి విదేశీ రీడ్లు తెప్పించాను. ఫలితంగా కీచు కూడా విదేశీగా రావడం మొదలైంది.

చివరికి ఒక ఆదివారం మెట్ల మీద నాయుడు గారు ఎదురయ్యారు. చేతిలో ఆ నల్ల పెట్టె. దొరికాడు అనుకున్నాను.

"బాగున్నారేటండి మాస్టారూ?" అన్నారాయన నవ్వుతూ.

"బాగానే ఉన్నాను. ఆ పెట్టెలో... అదేనా?"

"అదేనండి." నవ్వు ఇంకాస్త వెడల్పైంది. "మీకు ఇనబడతందేటి కిందకి? ఇబ్బంది పెడతన్నానేమో."

"అబ్బే, ఇబ్బందేముంది. ఎన్నాళ్ళ నుంచి అభ్యాసం?"

"కొని రెండేళ్ళవతందండి. ఆదివారం వస్తే చాలు, చేతులు ఊరుకోవు."

రెండేళ్ళు! నావి ముప్ఫై రెండు. అయినా అడిగాను.

"గురువు గారు ఎవరు?"

"దీనికి గురువేటండి!" ఆయన పకపకా నవ్వారు. "ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చేసుకున్నాను."

శామ్యూల్ మాస్టారి ఇంటికి నేను నాలుగేళ్ళు ఎండలో సైకిలు తొక్కాను.

"కష్టం... అనిపించలేదా?"

"ఏటీ లేదండి. కన్నం కన్నం సరిగ్గా కుదరాలి, అంతే కిటుకు. ఆపైన ఒక్కసారి గట్టిగా ఊదుకుంటే శుభ్రం."

కన్నాల మీద వేళ్ళు సరిగ్గా పడాలి, ఊపిరి గట్టిగా ఊదాలి, స్వరం శుభ్రంగా వస్తుంది. శామ్యూల్ మాస్టారు నాలుగేళ్ళు చెప్పిన విద్యను ఈ మనిషి రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఊరుకున్నారా? వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మొహమాటపడకండి మాస్టారూ. కావాలంటే మీ ఇంటికే తెచ్చి, ఓ అరగంటలో పని కానిచ్చేస్తాను" అన్నారు.

నా ఇంటికే వచ్చి, నా పెళ్ళాం ఎదుట, అరగంటలో నా పని కానిచ్చేస్తాడట!

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. వీడు నా దగ్గర రాగాలు దొంగిలిస్తున్నాడని రుజువు చేయాలి. ఎలా? ప్రపంచంలో నాకు తప్ప ఎవరికీ తెలియని రాగం వాయించాలి. అలాంటిది ఒకటి నా దగ్గర ఉంది. మా పెళ్ళి కుదిరిన రోజుల్లో గ్రేస్‌ను తలుచుకుని నేనే కట్టిన చిన్న వరస. ఎన్నడూ ఎవరికీ వినిపించలేదు. ఆ సాయంత్రం బాల్కనీ తలుపు బార్లా తెరిచి, ప్రాణం పెట్టి వాయించాను. రెండుసార్లు కీచు వచ్చింది. వంటింటి తలుపు ఎప్పట్లాగే మూసుకుంది.

మర్నాడు ఏడింటికి అది పైనుంచి వచ్చింది. నా వరస! నా గుండెలోంచి పుట్టిన వరస! ఒక్క కీచు లేకుండా!

గ్రేస్ కిటికీ దగ్గరకు పరుగెత్తింది. "ఏవండీ, ఇది కొత్తది! ఇది అన్నిటికంటే బాగుంది. ఎవరు కట్టారో గానీ మనసున్న మనిషండీ."

"నేనే కట్టాను!" అని అరిచాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "మీకీ మధ్య ఒంట్లో బాగుండటం లేదు. ఆ బుడగలు మానెయ్యండి" అంది.

ఇంతలో జనవరి దగ్గరపడింది. మా అపార్ట్‌మెంటులో జెండా పండుగ నాడు జెండా ఎగరేశాక అయిదు నిమిషాలు క్లారినెట్టు వాయించేది నేను. ఏడేళ్ళుగా అది నా హక్కు. ఎవరూ అడగకపోయినా నిలబెట్టుకుంటూ వచ్చిన హక్కు. ఒక సాయంత్రం మా అసోసియేషన్ ప్రెసిడెంటు యాదగిరి గారు గేటు దగ్గర కలిశారు. గ్రౌండ్ ఫ్లోరులో ఉంటారు, మొహమాటం ఉన్నంత సేపూ మంచి మనిషి.

"సార్, జెర ఒక మాట. తప్పుగ అనుకోకుండ్రి" అన్నారు.

"చెప్పండి."

"ఈసారి జెండా పండుగకు పైన వాయించేటాయన్ని సుత అడుగుదామా? మస్తు వాయిస్తుండు సార్ ఆయన."

"ఇద్దరివీ ఒకేలా ఉంటాయి కదా" అన్నాను, చచ్చీచెడీ.

"ఏడ ఒక్కతీరు సార్! అయిదున్నరకు మీది, ఏడింటికి ఆయనది. ఫరక్ ఎర్కైతలేదా? మా ఇంటిది మీది షురూ గాంగనే టీవీ సౌండ్ పెంచుతది. ఆయనది షురూ గాంగనే టీవీ బంద్ జేస్తది."

ఇంతకంటే స్పష్టంగా ఏ న్యాయమూర్తీ తీర్పు చెప్పలేడు.

ఆ ఆదివారమే అసోసియేషన్ సమావేశం. నేను రెండు రోజులు ఆలోచించాను. అసూయ అనేది విచిత్రమైన జంతువు సుమండీ. మొదట నేను వాడికంటే బాగా వాయించాలనిపిస్తుంది. అది కుదరదని తెలిశాక వాడు కాస్త చెడగొడితే బాగుండుననిపిస్తుంది. అదీ కుదరనప్పుడు, అసలు లోకంలో ఎవరూ వాయించకపోతే గొడవే ఉండదనిపిస్తుంది. నేను ఈ మూడో గదిలోకి చేరి, లోపల గడియ పెట్టుకున్నాను. ఒక తెల్ల కాగితం తీసి, నా అత్యుత్తమ దస్తూరీలో ఇలా రాశాను.

"మన భవనంలో ఇంటి లోపల గానీ, బాల్కనీలో గానీ, డాబా మీద గానీ, మెట్ల మీద గానీ, ఏ నివాసీ ఏ వేళలోనూ నోటితో ఊదే ఏ వాద్యాన్నీ వాయించరాదు. ఎవరు ఎంత బతిమాలినా ఈ తీర్మానాన్ని ఏడాది వరకు రద్దు చేయరాదు."

చివరి వాక్యం నాయుడు గారి కోసం ప్రత్యేకంగా చేర్చింది. మెతక మొహం పెట్టుకుని అందరినీ బతిమాలుకుంటాడేమోనని.

సాయంత్రం ఏడు కావస్తుండగా కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని అందరం కూర్చున్నాం. నేను లేచి కాగితం చదివాను.

"మీరు సుత వాయిస్తరు కద సార్?" అన్నారు యాదగిరి గారు, నమ్మలేనట్టు.

"తోటి నివాసుల ప్రశాంతత కోసం నేనూ మానుకుంటాను" అన్నాను, గుండె మీద చెయ్యి వేసుకుని.

చప్పట్లు! ముప్ఫై రెండేళ్ళ నా సంగీత జీవితంలో అంత గట్టి చప్పట్లు ఎన్నడూ ఎరగను. కాగితం చేతులు మారింది. కలం కోసం జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకాయన సంతకం చేసి, ఊళ్ళో లేని తమ్ముడి తరపున కూడా చెయ్యొచ్చా అని అడిగాడు.

కాగితం నాయుడు గారి దగ్గరకు వచ్చేసరికి ఆగింది. ఆ నవ్వు మొహం వాడిపోయింది. నాకు లోపల పండుగలా ఉంది.

"వాద్యం వద్దంటే ఎలాగండి మాస్టారూ?" అన్నారు మెల్లగా. "మా ఇంట్లో దాంతోనే సాయంత్రం గడుస్తంది."

"కొందరికి బాధగానే ఉంటుంది" అన్నాను. ఇక్కడితో ఆగి ఉంటే సగం పరువైనా మిగిలేది. ఆగలేదు. "చూడండి, నాయుడు గారూ, ఇన్నాళ్ళూ మర్యాదకు ఊరుకున్నాను. ఆ ఏడు గంటల వాద్యం విన్నప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది. శ్రుతి లేదు. లయ లేదు. ఆత్మ అసలే లేదు. అలా వాయించేవాడికి ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది, నాయనా, ఇది నీకు చేతకాదు, వేరే పని చూసుకో అని!"

"అలా అంటారేంటండీ?" వెనక కుర్చీలోంచి గ్రేస్ లేచింది. "ఆయన ఎంతో బాగా వాయిస్తారు!"

"నువ్వు ఊరుకో గ్రేస్!"

నాయుడు గారు నా మొహంలోకి వింతగా చూశారు. "మీరు మరీ తగ్గించి మాటాడతన్నారండి" అన్నారు. ఆ మాటకు అర్థం నాకు బోధపడేలోగా మెట్ల మీద చంటిపిల్ల ఏడుపు వినబడింది. స్రవంతి, పాపను భుజాన వేసుకుని, ఒక చేత్తో జోకొడుతూ దిగివచ్చింది.

"నాన్నా, నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. మీది ఇవ్వండి. టైమైపోయింది, పాప ఆగట్లేదు."

నాయుడు గారు జేబులోంచి ఫోన్ తీసిచ్చారు. ఆ అమ్మాయి ఏదో నొక్కింది. పార్కింగులో, కార్ల మధ్య, క్లారినెట్టు మోగింది. నేను గ్రేస్ కోసం కట్టిన వరస. రెండు నిమిషాల్లో పాప ఏడుపు వెక్కిళ్ళలోకి, వెక్కిళ్ళు నిట్టూర్పులోకి దిగి, కళ్ళు వాలిపోయాయి.

"చూశారా!" అని నేను ఎగిరి లేచాను. "దొంగిలించి వాయించడమే కాదు, రికార్డు కూడా చేసుకున్నాడు!"

"నాన్నా?" స్రవంతి తెల్లబోయింది. "నాన్నకు ఈల వెయ్యడం కూడా రాదు. ఇది మీరే కదా అంకుల్."

"నేనా?"

"మేము దిగిన కొత్తలో సాయంత్రాలు పాప గుక్కపెట్టి ఏడ్చేదండి. ఒకరోజు మీరు వాయిస్తుంటే టక్కున ఆగిపోయింది. కానీ మీరు ఆరున్నరకే ఆపేస్తారు, దానికేమో ఏడింటికి మొదలవుతుంది. అందుకని బాల్కనీలో నిలబడి రోజూ ఫోన్‌లో పట్టుకుంటున్నాను. ఏడింటికి స్పీకరుకు తగిలించి వేస్తున్నాను. మిమ్మల్ని అడగాలనే అనుకున్నాను. సిగ్గేసింది."

"కాదు" అన్నాను. "నేను కాదు. నాది... నాది కీచు వస్తుంది."

స్రవంతి తల దించుకుంది. "అవి వచ్చినప్పుడు పాప ఉలిక్కిపడుతోందని... కోసేశాను అంకుల్."

ఫోన్‌లో నేను మధురంగా వాయించుకుంటూ పోతున్నాను.

"మరి ఆ నల్ల పెట్టె?" అన్నాను, ములుగుతూ.

"డ్రిల్లింగ్ మిషనండి" అన్నారు నాయుడు గారు. "ఆదివారాలు షెల్ఫులవీ బిగించుకుంటాను. గోడకి కన్నం పెట్టాక సున్నం పొడి ఊదుకుంటే శుభ్రంగా ఉంటాది. మీ ఇంట్లో కూడా పెడతానని చెప్పాను కదండి."

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. సొంత వాద్యాన్ని మనిషి గుర్తుపట్టలేడా అని. పట్టలేడండి. క్లారినెట్టును పై పళ్ళతో కరిచిపట్టి ఊదుతాం. ఆ చప్పుడు పళ్ళలోంచి పుర్రెలోకి పాకి, చెవికి లోపలివైపు నుంచి చేరుతుంది. బయటివాడికి వినిపించేది వేరు, మనకు వినిపించేది వేరు. ధ్వని ఎముకల గుండా కూడా ప్రయాణిస్తుందని ఏటా తొమ్మిదో తరగతికి బల్ల గుద్ది చెప్పేది ఎవరు? నేనే. బల్లకైనా గుర్తుండి ఉంటుంది.

నా దృష్టి నాయుడు గారి చేతిలోని కాగితం మీద పడింది. నా బతుకులో మొదటిసారి నా క్లారినెట్టు విని ఒక ప్రాణి హాయిగా కళ్ళు మూసుకుంది. ఆ ప్రాణి ఇక్కడే, నాలుగు అడుగుల దూరంలో, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. నేనేమో అందరి చేతా సంతకాలు పెట్టించాను.

"యాదగిరి గారూ, ఆ కాగితం చించేద్దాం" అన్నాను.

"ఎట్ల చింపుత సార్? నాయుడు సార్ తప్ప అందరు సైన్ చేసిన్రు."

"పొరపాటు జరిగింది. మీరే విన్నారు కదా! దయచేసి..."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, కాగితం అందుకుని, చివరి వాక్యం నిదానంగా చదివారు. "ఎవరు ఎంత బతిమాలినా ఈ తీర్మానాన్ని ఏడాది వరకు రద్దు చేయరాదు. గిట్ల మీరే రాసిన్రు సార్. మస్తు క్లియర్‌గ రాసిన్రు." ఆయన గొంతులో సానుభూతి ఉంది గానీ, మనవి మన్నించే ఉద్దేశం లేదు. వాళ్ళావిడ టీవీ గుర్తొచ్చి ఉంటుంది.

ఇంటికి వచ్చాక గ్రేస్ సోఫాలో నా పక్కన కూర్చుని, నన్ను కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్నది మిమ్మల్నేనా?" అంది.

"అవును."

"ఆ కొత్త వరస కూడా?"

"నీకోసమే కట్టాను. పెళ్ళి కుదిరినప్పుడు."

ఆమె కళ్ళు చెమర్చాయి. నా చెయ్యి పట్టుకుంది. ఇరవై ఏళ్ళకు దక్కిన ఆ క్షణం ఎంతసేపు నిలిచిందంటారా? ఆమె మళ్ళీ నోరు తెరిచేదాకా.

"ఏవండీ, మరి ఆ కీచులు కోసెయ్యడం ఆ అమ్మాయిని అడిగి మీరు కూడా నేర్చుకోకూడదా?"

ఆ ఏడాది నేను బడి వదిలాక సైన్సు గదిలో, బీకర్ల మధ్య వాయించుకున్నాను. సాయంత్రం ఏడింటికి మాత్రం మీద నుంచి నా క్లారినెట్టు యథావిధిగా వచ్చేది. తీర్మానంలో ఊదే వాద్యం వద్దని ఉంది, ఫోన్ వద్దని లేదు. గ్రేస్ కిటికీ దగ్గర కూర్చునేది. పక్కనే నేనూ కూర్చునేవాణ్ణి, చేతులు ముడుచుకుని, నిషేధానికి గురైన మనిషిలా.

ఇక జెండా పండుగ వచ్చింది. జెండా ఎగిరింది. యాదగిరి గారు ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద గుడ్డ పరిచి, దాని మీద నల్లటి స్పీకరు పెట్టి, స్రవంతి పంపిన రికార్డు వేశారు. అయిదు నిమిషాలు, ఒక్క కీచు లేకుండా, నేను వాయించాను. నేను కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. పూర్తవగానే అందరూ చప్పట్లు కొట్టారు. మొహాలన్నీ స్పీకరు వైపే. ఒకావిడ బంతిపూల దండ తెచ్చి, కాస్త తటపటాయించి, స్పీకరుకే వేసింది.

పక్క అపార్ట్‌మెంటు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, "అద్భుతం. ఎవరిదండీ ఆ వాద్యం?" అని అడిగారు.

"మా మాస్టర్‌దే సార్" అని యాదగిరి గారు నన్ను చూపించారు. "ఇప్పుడు బంద్ జేసిండు."

ఆ పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని, ఎంతో ఆర్ద్రంగా, "అప్పట్లో మీరు ఎంత బాగా వాయించేవారండీ!" అన్నారు.

నిజం తెలిశాక అసూయ పోయి ఉంటుందని మీరు అనుకుంటున్నారేమో. లేదండి. దండ వేసుకుని కూర్చున్న ఆ స్పీకరును చూస్తుంటే నా కడుపులో మళ్ళీ అదే మంట, ఇసుమంత తేడా లేకుండా. వాడికి కీచు రాదు. నాకు వస్తుంది.

అందుచేత ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేస్తూ, తూర్పు ముఖంగా నిలబడి, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇకమీదట ఏ కళాకారుడి మీద అసూయపడాల్సి వచ్చినా, ముందు మర్యాదగా వాళ్ళింటి తలుపు కొట్టి, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఎగాదిగా పరీక్షించి, వాడు నేను కాదని రూఢి చేసుకున్న తరువాతే అసూయపడతాను.